టోపీ కింది మొహం

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి డ్వైట్ హాబ్సన్ డార్క్‌రూమ్ తలుపు దబదబా బాదాడు. లోపల ఎర్రలైటు వెలుగుతున్నంతసేపూ తలుపు జోలికి రావద్దని ఓజెల్ మింటర్ పద్దెనిమిదేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. డ్వైట్ పద్దెనిమిదేళ్ళుగా బాదుతూనే ఉన్నాడు.

"ఓజెల్, తియ్యి! ఒక్కటి పడింది. జన్మలో మళ్ళీ పడదు ఇలాంటిది!"

ఓజెల్ కాగితాల పెట్టె మూత గట్టిగా నొక్కి, చేతులు ఏప్రనుకి తుడుచుకుని తలుపు తీశాడు. డ్వైట్ చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. బూట్ల నిండా బురద. వరద చూడటానికి వచ్చిన ప్రెసిడెంటు విమానం ఊరి బయట మైదానంలో నలభై నిమిషాలు ఆగింది. ఆ నలభై నిమిషాల్లో డ్వైట్ మూడు రోల్స్ తీశాడు. వాటిలో మంచిది ఏరి నాలుగింటి బస్సులో మాంట్‌గమరీలోని వార్తా ఏజెన్సీకి పంపాలి. అదే రేపు పొద్దున తమ ఊరి పత్రిక కార్వర్స్ బెండ్ కొరియర్ మొదటి పేజీలో పడాలి.

"రెండో రోల్ చివర చూడు. ఆయన కంచె పొడవునా చేతులు కలుపుకుంటూ వస్తున్నాడు. మీవాళ్ళని ఆ చివర నిలబెట్టారుగా. అక్కడ ఎవరో ఆడమనిషి ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకుని వదలదే!"

"ఏమంటోంది?"

"విమానం మోతలో ఎవరికి వినపడింది? ఏదో దణ్ణాలు పెట్టుకుంటోందేమో. ఆయన మొహం మాత్రం చూడు, అబ్బ!" డ్వైట్ రోల్స్ మూడూ బల్లమీద పెట్టాడు. "ప్రెసిడెంటు మొహానికి కడుగు. ఎడిటర్ పెద్దాయన కూడా అదే చెప్పమన్నాడు."

ఆ మాట చెప్పనక్కర్లేదు. ఒక ఫోటోలో తెల్లమొహం, నల్లమొహం పక్కపక్కన ఉంటే కాగితం మీద పడే వెలుతురు రెంటికీ ఒకే కొలతలో సరిపోదు. తెల్లమొహానికి తొమ్మిది సెకన్లు కావాలంటే నల్లమొహానికి నాలుగు చాలు. తొమ్మిదీ పడితే నల్లమొహం మాడిపోతుంది. కళ్ళూ ముక్కూ పోయి టోపీ కింద ఒక చీకటి ముద్ద మిగులుతుంది. కొరియర్ పత్రిక పుట్టినప్పటి నుంచీ వీధి అవతల ఉండే ఓజెల్ లాంటి నల్లవాళ్ళు అందులో చీకటి ముద్దలే. దీనికి విరుగుడు ఓజెల్‌కి బాగా తెలుసు. చేరిన కొత్తలో ఒకసారి చేసి చూపించాడు కూడా. "ఇంతసేపు కూర్చుని ఇది చెయ్యమని ఎవరన్నారు నిన్ను? వాళ్ళని గుర్తుపట్టాల్సిన అవసరం మన పాఠకులకేముంది?" అన్నాడు ఎడిటర్ టాల్బర్ట్, కోపం కూడా లేకుండా. ఆ తరవాత ఓజెల్ మళ్ళీ చెయ్యలేదు.

ఫిల్ములు కడిగి ఆరబెట్టేసరికి మూడుంబావు అయింది. డ్వైట్ చెప్పిన నెగటివ్‌ని ఫోటో పెద్దది చేసే ఎన్లార్జర్‌లో పెట్టి, కాగితం పరిచి, కాలి మడమతో నేలమీద తాళం వేస్తూ తొమ్మిది లెక్కపెట్టాడు. కాగితాన్ని మందు ట్రేలోకి జార్చి పటకారుతో మెల్లిగా ఊపాడు. ముందు కంచె వచ్చింది. తరవాత ప్రెసిడెంటు కోటు, టై, కొంచెం ముందుకు వంగిన తల. మొహం దివ్యంగా వచ్చింది. కుడివైపు కలుసుకున్న రెండు చేతులు. వాటికి అవతల గడ్డితో అల్లిన ముదురు రంగు టోపీ, దాని చుట్టూ తెల్ల రిబ్బను, పక్కన చిన్న ముడి. టోపీ కింద ఏమీ లేదు.

ఓజెల్ పటకారు ఆపాడు. ఆ ముడి వేసిన తీరు అతనికి తెలుసు. కానీ అలాంటి ముడి ఇంకెవరూ వెయ్యకూడదని ఏముంది? అదీగాక, అతనికి తెలిసిన ఆవిడ ఇవాళ డ్యూటీలో ఉంటానంది.

గోడమీద గడియారం చూశాడు. టైముంది. సిగరెట్టు పెట్టె అట్టని బొటనవేలి గోరంత గుండ్రంగా కత్తిరించి, సన్నటి తీగ కొసకి గుచ్చాడు. మళ్ళీ కాగితం పరిచాడు. మడమ తాళం మొదలుపెట్టి, నాలుగు దాటగానే ఆ అట్టముక్క నీడ టోపీ కింద పడేలా పట్టుకుని, అంచు గీత పడకుండా చేతిని సన్నగా వణికిస్తూ తొమ్మిది దాకా ఉంచాడు. ఇన్నేళ్ళ తరవాత కూడా చెయ్యి ఆ పని మరిచిపోలేదు.

ట్రేలో మొహం మెల్లిగా పైకి తేలింది. ఎత్తిన కనుబొమ్మలు, సగం తెరిచిన నోరు, గడ్డం మీద గీత. అతని అక్క లువీనియా.

లువీనియా కౌంటీ ఆసుపత్రి వంటింట్లో ముప్పయ్యేళ్ళుగా పనిచేస్తోంది. వంటింటి పెద్ద మిసెస్ ఇన్‌మన్ బుధవారం నాడే అందర్నీ పిలిచి చెప్పింది. ఓటుహక్కని తిరుగుతున్న వాళ్ళతో కలిసి శుక్రవారం మైదానానికి వెళ్ళినవాళ్ళు శనివారం పనికి రానక్కర్లేదని. ఈ ఫోటో ఇలాగే పేపర్లో పడితే చాలు. ఇంకెవరూ చాడీ చెప్పాల్సిన పనిలేదు.

అప్పుడు తోచింది అతనికి. మొదటి కాపీ ఉందిగా, చీకటి ముద్ద కాపీ. టాల్బర్ట్ అడిగిందీ అదే, డ్వైట్ అడిగిందీ అదే. పద్దెనిమిదేళ్ళుగా తన కడుపు రగిలించిన ఆ చీకటి ఇవాళ ఒక్కరోజు తన అక్కని కాపాడుతుంది. ఓజెల్ రెండో కాపీని తడిగానే నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్ట అడుక్కి తోశాడు. మొదటిదాన్ని ఆరబెట్టి డ్వైట్ చేతికిచ్చాడు.

"బ్రహ్మాండం," అన్నాడు డ్వైట్. టాల్బర్ట్ తన గదిలోంచి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ వచ్చి, ఫోటో చూసి, దానికింద వేయాల్సిన మాట అక్కడికక్కడే చెప్పాడు. "అధ్యక్షుడికి కృతజ్ఞతలు తెలుపుతున్న వరద బాధితులు." ఓజెల్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

*

సాయంత్రం ఓజెల్ వెళ్ళేసరికి లువీనియా వాకిట్లో కూర్చుని ఒళ్ళో గిన్నె పెట్టుకుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. టోపీ పక్కనే కుర్చీ కొమ్ముకి తగిలించి ఉంది.

"ఇవాళ మధ్యాహ్నం ఎక్కడున్నావక్కా?"

"అడుగుతున్నావంటే చూసే ఉంటావు," అంది ఆవిడ తలెత్తకుండా. "కూచో. రొట్టె పొయ్యిమీదుంది."

"నాకు రొట్టె వద్దు. డ్యూటీ అన్నావ్! పైగా ఎవరి చెయ్యి పట్టుకున్నావో తెలుసా? చుట్టూ తుపాకులవాళ్ళు!"

"తెలిసే పట్టుకున్నా. తెలియకపోతే ఎందుకు పట్టుకుంటాను?"

"ఏమన్నావాయన్ని?"

లువీనియా ఒక కాయ చీల్చి గింజలు గిన్నెలో రాల్చింది. "ఓటరుగా పేరు రాయించుకోడానికి నాలుగుసార్లు కోర్టుహౌస్‌కి పోయాను సార్, అన్నాను. నాలుగుసార్లూ నన్నెరిగిన ఓటర్ని ఒకర్ని వెంటబెట్టుకు రమ్మన్నారు. నేనెరిగిన ఓటర్లందరూ తెల్లవాళ్ళే. ముప్పయ్యేళ్ళుగా వాళ్ళకి జ్వరమొస్తే జావ కాచిపోశాను. ఒక్కళ్ళూ నా వెంట రారు. మా సంగతి ఎప్పుడు తేలుస్తారని అడిగా."

"ఏమన్నాడు?"

"త్వరలో, అన్నాడు."

"అన్నాడుగా మరి! చెయ్యి వదిలెయ్యచ్చుగా?"

"త్వరలో అంటే ఏ వారం అని అడిగా."

ఓజెల్‌కి నవ్వు ఆగలేదు. కోపంగా వచ్చినవాడు మెట్టు మీద కూలబడి భుజాలు కదిలేలా నవ్వాడు. లువీనియా కూడా మూతి బిగించి నవ్వింది.

"పాపం నోరు తెరిచాడు. మాట పెగల్లేదు. సరిగ్గా అప్పుడే మీ ఫోటోలాయన టపీమని కెమెరా నొక్కాడు. అయితే రేపు పేపర్లో పడతానన్నమాట."

"పడతావు, పడవు," అన్నాడు ఓజెల్. గొంతులో కొంచెం గొప్ప కూడా ఉంది. "నువ్వేం భయపడకు. నీ మొహం చక్కగా వచ్చింది, కానీ ఆ కాపీ చింపేశా. వాళ్ళకిచ్చిన దాన్లో టోపీ ఒక్కటే కనిపిస్తుంది. ఇన్‌మన్ కాదుగదా ఇన్‌మన్ తాత వచ్చినా పోల్చలేడు."

లువీనియా చేతులు ఆగిపోయాయి.

"చింపేశావా?"

"ఉద్యోగం పోతుందక్కా."

"రేపు జనం ఏం చూస్తారు? ప్రెసిడెంటు దయతలిచి ఒక టోపీకి చెయ్యిచ్చాడు. అంతేనా? నేనక్కడ ఏడ్చి దణ్ణం పెట్టుకున్నాననుకుంటారా?"

ఓజెల్‌కి ఫోటో కింద టాల్బర్ట్ రాయించిన మాట గుర్తొచ్చింది. ఆ మాట అక్కతో చెప్పలేకపోయాడు. మొహం ఉంటే అది ప్రశ్న అని పసిపిల్లాడికైనా తెలుస్తుంది. మొహం లేకపోతే అది దణ్ణమే.

"ఉద్యోగం నాది, మొహం నాది," అంది లువీనియా. "భయం నీది. నీ భయం కప్పుకోడానికి నీకు నా మొహమే దొరికిందిరా?"

"నీ మంచికే కదా—"

"ఆ టాల్బర్ట్ చెప్పాడని పద్దెనిమిదేళ్ళు మనవాళ్ళ మొహాలకి మసి పూశావు. వాడు చెప్పాడు, పొట్టకోసం నువ్వు చేశావు. ఒక్కనాడు నిన్నొక మాట అనలేదు నేను. ఇవాళ మొహం వచ్చాక చింపావు చూడు, అది ఎవడు చెప్పాడురా నీకు?"

రొట్టె మాడిన వాసన వచ్చింది. ఆవిడ గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. ఓజెల్ తను వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. దారి పొడవునా అక్కని తిట్టుకున్నాడు. ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తిట్లు అయిపోయాయి. ఆవిడ అడిగింది మాత్రం అలాగే ఉంది.

*

శనివారం పదకొండింటికి డార్క్‌రూమ్ వెనక సందువైపు కిటికీ మీద ఎవరో వేలితో కొట్టారు. ఓజెల్ నల్లగుడ్డ తొలగించి చూశాడు. బయట లువీనియా. ఆదివారం చర్చికి తొడుక్కునే బట్టల్లో ఉంది. నెత్తిన ఆ టోపీయే.

"ఈ టైములో వంటింట్లో ఉండాలిగా నువ్వు?"

"పొద్దున ఏడింటికే అయిపోయింది నా వంట." ఆవిడ గొంతులో ఏడుపు లేదు. "పేపరు పట్టుకొచ్చి మమ్మల్ని వరసగా నిలబెట్టింది ఇన్‌మన్. ఈ టోపీ ఎవరిదీ అంది. ఎవరూ నోరు మెదపలా. నా దగ్గరకొచ్చి మెల్లిగా అంది కదా, 'లువీనియా, నీకూ ఇలాంటిదుంది. కానీ ఊళ్ళో ఇలాంటి టోపీలు చాలా ఉంటాయి. మొహం ఆనడంలేదు. నువ్వు కాదంటే నేను నమ్ముతాను.' పాపం, నేను లేకపోతే ఆవిడకి పొద్దున వేడి బిస్కెట్లు చేసేవాళ్ళుండరు."

"కాదనలేకపోయావా!"

"'నేనేనమ్మా. కడిగినవాడు కాస్త పిరికివాడు, అందుకని సరిగ్గా పడలా' అన్నాను."

ఓజెల్‌కి ఎక్కడో చురుక్కుమంది. అయినా ఆ మాట పడాల్సిందేననిపించింది.

"సరే, అదయిపోయింది. నేనొచ్చింది నీతో మాట్లాడటానికి కాదు," అంది లువీనియా. "ఆఫీసు పక్క కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా పిల్లకి కాగితం రాసిచ్చా. నీ దగ్గరికే వస్తుంది. నాకు సోమవారం పొద్దునకి కావాలి. కోర్టుహౌస్‌లో ఓటర్ల కిటికీ తెరిచేది ఆ రోజేగా."

ఆవిడ వెళ్ళిపోయింది. కాసేపటికి తలుపు కింద నుంచి చీటీ జారింది. పేపర్లో పడిన ఏ ఫోటోకైనా డబ్బు కట్టి కాపీ అడగచ్చని కొరియర్‌లో మొదట్నించీ ఉంది. పెళ్ళిళ్ళవీ, ఫుట్‌బాల్ ఆటలవీ, చేపలు పట్టిన మొనగాళ్ళవీ రోజుకి నాలుగైదు చీటీలు వస్తాయి. వాటిని ఎడిటరూ చూడడు, ఫోటోగ్రాఫరూ చూడడు. వీధి అవతలి నుంచి ఒక్క చీటీ వచ్చిన గుర్తు ఓజెల్‌కి లేదు. చీకటి ముద్దని డబ్బిచ్చి ఎవరు కొనుక్కుంటారు? "ఎలా కావాలి" అన్న గడిలో అక్క దస్తూరీ, అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా. "నా మొహం కనపడాలి."

ఓజెల్ ట్రేలు మూడూ వంపేసి కొత్త మందు కలిపాడు. మందు వేడి వేలితో చూశాడు, మళ్ళీ థర్మామీటరు పెట్టి చూశాడు. సిగరెట్టు అట్టతో మూడు ముక్కలు కత్తిరించాడు, ఒకటి గుండ్రంగా, ఒకటి కోడిగుడ్డులా, ఒకటి అక్క చెంప వాలుకి సరిపోయేలా. మొదటి కాపీలో టోపీ చుట్టూ దీపం పెట్టినట్టు తెల్లగీత వచ్చింది. రెండోదాంట్లో నీడ ఎక్కువసేపు పట్టాడు, మొహం బూడిద పూసినట్టయింది. అది ఇంకా దారుణం. లువీనియా ఏనాడూ ఆ రంగులో లేదు. మూడోసారి కళ్ళు మూసుకుని మడమ తాళం వింటూ చేతిని దాని దారిన వదిలాడు.

మూడోది వచ్చింది. నలుపు నలుపుగానే ఉంది, నలుపులో మొహం ఉంది. చెంపమీద చెమట మెరుపు ఉంది. తూకంలో మోసం చేసిన చేపలవాణ్ణి చూసే చూపు ఉంది. ఇప్పుడు ప్రెసిడెంటు మొహం కూడా వేరేగా కనపడింది. నిన్న ఆ మొహంలో దయ ఉందనుకున్నారు అందరూ. అక్క కళ్ళు కనపడేసరికి అది జవాబు తెలియని మనిషి మొహమని తేలిపోయింది. ఓజెల్ వంగి, చెయ్యి మందులో ఉందని కూడా చూసుకోకుండా అక్క మొహాన్నే చూశాడు.

ఇంకో నాలుగు కాపీలు తీశాడు.

రెండింటికి డ్వైట్ వచ్చాడు. ఇవాళ తలుపు బాదలేదు. "ఏజెన్సీవాళ్ళు ఫోన్ చేశారు. న్యూయార్క్‌లో ఏదో పత్రికకి అది కావాలిట. నిన్నటి కాపీ అంతా బురదలా ఉందిట. ఆ ఆడమనిషి ఎవరు, ఏమంటోంది అని అడుగుతున్నారు. పెద్దాయనేమో అదే మళ్ళీ పంపు, నెగటివ్ అంతే అని చెప్పు అంటున్నాడు." గొంతు తగ్గించాడు. "ఇన్నేళ్ళూ అదే మాట ఓజెల్. హాబ్సన్ జనాన్ని తీస్తే బురదే అంటారు వాళ్ళు."

ఓజెల్ నీళ్ళ తొట్టిలోంచి ఒక కాపీ తీసి, నీరు కారనిచ్చి, తెల్ల దీపం వేసి పట్టుకున్నాడు.

డ్వైట్ చాలాసేపు చూశాడు. "ఇది నేను తీసిందేనా?"

"మీరు తీసిందే మిస్టర్ డ్వైట్. మీ నెగటివ్‌లో ఎప్పుడూ బురద లేదు. బురద నేను చేశాను, చెయ్యమన్నారు కాబట్టి."

"పద్దెనిమిదేళ్ళూ?"

"పద్దెనిమిదేళ్ళూ."

డ్వైట్ మొహం ఎర్రబడింది. ఆ ఎరుపు లువీనియా కోసం కాదని ఓజెల్‌కి తెలుసు. తన ఫోటోలు పాడుచేశారన్న ఎరుపు అది. ఏ ఎరుపైతేనేం, నాలుగింటి బస్సుకి పనికొస్తుంది. డ్వైట్ ఫోటో వెనక తన ముద్ర గట్టిగా గుద్దాడు. "ఎవరావిడ?"

"మా అక్క."

డ్వైట్ చేతిలో ముద్ర అలాగే ఉండిపోయింది. "ఆవిడ ఉద్యోగం?"

"పొద్దున పోయింది."

"నీది?"

"బస్సు నాలుగింటికండీ."

డ్వైట్ కలం తీశాడు, కాసేపు ఆగాడు, కలం ఓజెల్ ముందుకి తోశాడు. "నాకు వినపడలేదు కదా. నువ్వే రాయి."

ఓజెల్ రాశాడు. "మిసెస్ లువీనియా ప్రాథర్, కార్వర్స్ బెండ్, ఓటరుగా చేరే హక్కు తమకి ఏ వారం వస్తుందని అధ్యక్షుణ్ణి అడుగుతున్నారు." డ్వైట్ మొదటి మాట దగ్గర ఆగి ఓజెల్ వైపు చూశాడు. నల్లజాతి ఆడవాళ్ళ పేరు ముందు ఆ మాట కొరియర్‌లో ఎవరూ రాయరు, చనిపోయిన వార్తలో కూడా రాయరు. చూశాడుగానీ కొట్టెయ్యలేదు. సిరా ఆరేదాకా ఊది, కవరులో పెట్టి, బస్సు స్టాండుకి పరుగెత్తాడు.

*

సోమవారం ఎనిమిదింటికి టాల్బర్ట్ తన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఆదివారం నాటి మాంట్‌గమరీ పేపరు. ఏజెన్సీ అక్కడా పంచినట్టుంది, లువీనియా మొహం అరచేతంత ఉంది అందులో. డ్వైట్ తన బల్ల దగ్గర కూర్చుని కెమెరా లెన్సు తుడుస్తున్నాడు, చాలాసేపటి క్రితమే అది శుభ్రమైపోయినట్టుంది.

"ఎవరు కడిగారిది?"

"నేనే సార్."

"కింద ఈ రాత?"

"నేనే సార్."

టాల్బర్ట్ పేపరు దగ్గరగా పెట్టుకున్నాడు. ఫోటో కన్నా ఆయన్ని బాధిస్తున్నది వేరే ఏదో ఉంది. "మిసెస్ ఏమిటి? ఈ మిసెస్ ఏమిటి?"

"ఆవిడకి పెళ్ళయి ముప్పైయేడేళ్ళయింది సార్. ఆయన పోయాడుగానీ పెళ్ళి పోలేదు."

టాల్బర్ట్ అరవలేదు. ఏప్రను అక్కడ పెట్టి వెళ్ళిపొమ్మన్నాడు, వాన వస్తోంది కిటికీ మూయమన్నంత మామూలుగా. ఓజెల్ డ్వైట్ వైపు చూశాడు. డ్వైట్ తల ఎత్తలేదు. ఓజెల్ ఏప్రను విప్పి మడతపెట్టి, మందు మరకలు పైకి కనపడేలా టాల్బర్ట్ బల్లమీదే పెట్టాడు. తెల్లవాళ్ళు నడిచే ముందువైపు తలుపులోంచి బయటికి నడిచాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ తలుపు గుండా వెళ్ళడం అదే మొదటిసారి.

కోర్టుహౌస్ రెండో అంతస్తులో ఓటర్ల రిజిస్ట్రారు గది ముందు బెంచీలు అప్పటికే నిండిపోయాయి. పాతికమంది దాకా ఉన్నారు, ముసలివాళ్ళే ఎక్కువ. ఎదురుగోడ దగ్గర ఒక పోలీసు డెప్యూటీ చేతులు కట్టుకుని నిలబడి, ఎవరెవరు వచ్చారో మొహం మొహం చూసుకుంటున్నాడు. లువీనియా అందరికన్నా ముందుంది, ఒళ్ళో ఓజెల్ ఆదివారమే ఇచ్చిన కొరియర్ కవరు. తమ్ముణ్ణి చూసి కనుబొమ్మ ఎత్తింది.

"పనిలేదా?"

"లేదు," అన్నాడు ఓజెల్.

ఆవిడకి అర్థమైంది. అతని చెయ్యి ఒక్కసారి నొక్కి వదిలింది. తొమ్మిదిన్నరకి కిటికీ తెరుచుకుంది. రిజిస్ట్రారు బక్కపలచటి మనిషి, జేబులో మూడు కలాలు. లువీనియాని చూడగానే అలవాటుగా నిట్టూర్చాడు.

"మళ్ళీ నువ్వేనా?"

"ఐదోసారండి."

"కాగితం నింపడానికేం, నింపుతావు. నిన్నెరుగుదునని చెప్పే ఓటర్ని తెచ్చావా?"

"తెచ్చానండి," అంది లువీనియా. కవరులోంచి ఫోటో తీసి ఆయన ముందు పరిచింది. "ఇందులో ఈ మనిషి నేనేనా? సరిగ్గా చూసి చెప్పండి."

ఆయన ఫోటో చూశాడు, ఆవిణ్ణి చూశాడు. కాదనడానికి అక్కడ చోటు లేదు. కళ్ళున్నాయి, గడ్డం మీద గీత ఉంది. "నువ్వే," అన్నాడు చివరికి.

"ఈయనెవరండీ, నా చెయ్యి పట్టుకున్నాయన?"

బెంచీల మీద కదలిక ఆగిపోయింది. రిజిస్ట్రారు పెదాలు తడుపుకున్నాడు. "ప్రెసిడెంటు గారు."

"ఈయన ఓటరేనా?"

వెనక ఎవరో ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి పాకింది. డెప్యూటీ గోడ దగ్గర్నుంచి ముందుకి కదిలాడు. నవ్వు మాత్రం ఆగలేదు. రిజిస్ట్రారు చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ కౌంటీ ఓటరు కావాలి. ఈయన మాట ఇక్కడ పనికిరాదు."

"అమెరికా ప్రెసిడెంటు మాట ఈ కౌంటీలో చెల్లదంటారు."

"నేనలా అన్లేదు!"

"ఇప్పుడేగా అన్నారు. ఇంతమంది విన్నారు," అంది లువీనియా, గొంతు పెంచకుండా. "నాకేం కోపం లేదండి. అదే మాట కాగితం మీద రాసి కింద సంతకం పెట్టండి. నేను తీసుకుని వెళ్ళిపోతాను. మళ్ళీ మీకు కనపడను."

రిజిస్ట్రారు ఫోటోని వెనక్కి తోశాడు. లువీనియా దాన్ని రెండు వేళ్ళతో మళ్ళీ ముందుకి జరిపింది. ఆయన జేబులోంచి ఒక కలం తీసి, కాగితం మీద ఆనించి, ఏమీ రాయకుండా ఎత్తాడు. ఇంకో కలం తీశాడు. అదీ రాయలేదు.

ఓజెల్ ముందుకి వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి, బల్ల మీదున్న కట్టలోంచి ఒక దరఖాస్తు కాగితం తీసుకున్నాడు. వేళ్ళకి మందు మరకలు ఇంకా ఉన్నాయి. ఇంతవరకూ ఈ కిటికీ దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు అతను.

"నువ్వెవడివి?" అన్నాడు రిజిస్ట్రారు.

"ఓజెల్ మింటర్. ముందు ఆవిడ పని కానివ్వండి, తరవాత నాది."

రిజిస్ట్రారు డెప్యూటీ వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు, తెల్లకాగితం వైపు చూశాడు. లువీనియా రెండు చేతులూ కిటికీ గట్టు మీద పెట్టి స్థిమితంగా నిలబడింది.

"రాయండి సార్, నిదానంగానే రాయండి," అంది. "మాకేం తొందర లేదు. మా ఇద్దరికీ ఇప్పుడు ఉద్యోగాల్లేవు."